సిగ్మా ఫేజ్‌లో ఐరన్ ఎక్కడ, క్రోమియం ఎక్కడ? తేల్చేదెలా?

అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టు కోసం ఐరన్, క్రోమియం దాదాపు సగం సగం కలిపిన మిశ్రమలోహాన్ని 700 డిగ్రీల సెల్సియస్‌లో వారాల తరబడి ఉంచాను. సిగ్మా ఫేజ్ (ఈ రెండు లోహాలూ కలిసి ఏర్పరిచే పెళుసైన స్ఫటిక రూపం) వచ్చింది. కల్వంలో వేసి నూరితే గాజుముక్కలా పొడైపోయింది!

దీని యూనిట్ సెల్‌లో (స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న ముక్కలో) 30 పరమాణువులు, 5 రకాల స్థానాల్లో ఉంటాయి. ఆ స్థానాలకు 2ఏ, 4ఎఫ్ లాంటి పేర్లున్నాయి. చుట్టూ 12 పొరుగు పరమాణువులున్న 2ఏ, 8ఐ2 స్థానాల్లో ఐరన్, 15 ఉన్న 4ఎఫ్‌లో క్రోమియం ఎక్కువగా చేరతాయని చదివాను. మిగతా రెండింట్లో రెండూ కలగలిసి ఉంటాయి.

నా చిక్కంతా ఎక్స్‌రే డేటాతోనే. పరమాణు సంఖ్యలు 26, 24 కదా, ఎక్స్‌రేకి రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. రీట్‌వెల్డ్ ఫిట్టింగ్‌లో (స్ఫటిక నమూనా నుంచి లెక్కగట్టిన గ్రాఫ్‌ను కొలిచిన డేటాకు సరిపోల్చే పద్ధతిలో) ఏ స్థానంలో ఏది ఎంత అన్న అంకెలు రన్ రన్‌కీ మారిపోతున్నాయి, ఫిట్ మాత్రం ప్రతిసారీ బాగానే ఉంటోంది. అదే టెన్షన్.

న్యూట్రాన్లయితే తేడా స్పష్టంగా తెలుస్తుంది, కానీ ఆ సదుపాయం నాకు అందుబాటులో లేదు. మొత్తం కూర్పును స్థిరంగా పెట్టి, పాత న్యూట్రాన్ ఫలితాల అంకెలనే వాడేస్తే తప్పవుతుందా? మాస్‌బావర్ స్పెక్ట్రమ్‌లో (ఐరన్ కేంద్రకాలు గామా కిరణాలను పీల్చుకునే తీరు చూపే గ్రాఫ్‌లో) 5 స్థానాల గీతలూ ఒకదానిమీద ఒకటి పడతాయి; వాటిని నమ్మకంగా విడదీసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా చేశారో దయచేసి చెప్పండి.