'మగ్గడం' అనే మాట: ఏడాది వంటల రాతల తర్వాత

అందరికీ నమస్కారం. పోయిన సంక్రాంతికి అరిసెల పాకం గురించి రాస్తూ మొదలుపెట్టాను. వారానికి ఒకటి చొప్పున రాస్తుంటే ఈ సంక్రాంతికి ఏడాది నిండింది. కొలతలు రాయడం తేలికే, గ్లాసో గరిటో చెబితే సరిపోతుంది. క్రియల దగ్గరే ఎప్పుడూ ఆగిపోయేదాన్ని. అందుకే ఈ చర్చ ఇక్కడ పెడుతున్నాను.

మొదటి మూడు నెలల రాతలు ఇప్పుడు తీసి చదివితే ప్రతి వాక్యం చివరా 'చేయండి' కనిపిస్తోంది. యాడ్ చేయండి, ఫ్రై చేయండి, మిక్స్ చేయండి, కుక్ చేయండి. ఇంగ్లీషు మాట వచ్చిందని నాకు బాధ లేదు. స్టవ్, మిక్సీ, కుక్కర్ అని నేనూ అంటాను. కానీ 'కుక్ చేయండి' అంటే చదివేవాళ్లు ఏం చేయాలి? నీళ్లు పోయాలా, మూత పెట్టాలా, మంట ఎంత ఉండాలి? ఆ మాట ఇవేవీ చెప్పదు.

డాలస్‌లో ఉన్న మా అక్క కూతురు నా దొండకాయ కూర చదివి వండింది. '15 నిమిషాలు కుక్ చేయండి' అని రాశాను. పాపం, ఆ పిల్ల గ్లాసుడు నీళ్లు పోసి ఉడికించింది. ముక్కలు తెల్లబోయి, కూరంతా నీళ్లోడుతున్న ఫోటో పంపింది. నాకు చాలా బాధేసింది. తెనాలిలో మా పెద్దమ్మకు చెబితే, "మూత పెట్టి మగ్గనియ్యమని రాయకపోయావా అమ్మాయ్, ఒక్క మాటతో పోయేదిగా" అంది.

ఆ ఒక్క మాటను నేను మళ్లీ మళ్లీ తిప్పి చూసుకున్నాను. మగ్గడం అంటే విడిగా నీళ్లు పోయకుండా, సన్న సెగ మీద, మూత కింద, కూరగాయ తన ఊటలో తానే మెత్తబడటం. ఉప్పు ముందే వేస్తే ముక్కలోంచి ఊట దిగుతుంది. మూత ఆవిరిని పోనివ్వదు. మా పెద్దమ్మయితే మూతకు బదులు పళ్లెం పెట్టి అందులో నీళ్లు పోస్తుంది. పళ్లెం చల్లగా ఉండి, లోపలి ఆవిరి నీరై మళ్లీ ముక్కల మీదే పడుతుంది, కూర అడుగంటదు. ఇదంతా 'మగ్గనివ్వాలి'లో ఉంది. ఉడకనివ్వాలంటే నీళ్లుండాలి. వేగనివ్వాలంటే నూనె ఉండాలి, మూత ఉండకూడదు. ఇగరనివ్వాలంటే ఉన్న నీళ్లు పోయేదాకా ఆగాలి.

వరస కూడా ఆ మాటే చెబుతుంది. పులుసు పెట్టేటప్పుడు "వంకాయ మగ్గాక చింతపండు రసం పొయ్యి" అంటారు. ముందే పోస్తే ముక్క ఓ పట్టాన మెత్తబడదు. కూరగాయను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో త్వరగా కరగదు. మన పెద్దవాళ్లకు పెక్టిన్ పేరు తెలియకపోయినా 'మగ్గాక' అనడం తెలుసు.

వంటింటి బయట కూడా ఈ మాట ఉంది. మామిడికాయలు గడ్డిలో వేసి మగ్గబెడతాం. కాయ విడిచే ఎథిలీన్ వాయువే దాన్ని పండిస్తుంది. గడ్డి, మూసిన గది ఆ వాయువును బయటికి పోనివ్వవు. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు పండించడాన్ని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. అలా పండించిన వాటిని మా వైపు 'మందు పెట్టిన కాయలు' అంటారు, 'మగ్గబెట్టిన కాయలు' అనరు. వార్తల్లో 'జైల్లో మగ్గుతున్నారు' అని చదువుతాం. కూరకూ, కాయకూ, ఖైదీకీ ఒకే మాట ఎలా వచ్చింది? గాలాడని చోట మూసి ఉంచడం మూడింటిలోనూ ఉందని నాకు అనిపిస్తోంది. పాత రూపం 'మ్రగ్గు'. క్రొత్త కొత్త అయినట్టు, ప్రొద్దు పొద్దు అయినట్టు ఇక్కడా రేఫం జారిపోయింది. మీ వైపు ఎలా వాడతారో చెప్పండి.

— మాది శ్రీకాకుళం అండి. పండుకు 'ముగ్గడం' అంటాం, ముగ్గిన అరటిపండు అని. కూరకు మాత్రం మగ్గడమే. 'మాగిన మామిడిపండు' అనీ వింటాం. మూడూ ఒకటేనా?

జవాబు: అర్థంలో చాలా దగ్గరివండి. కానీ 'కూర మాగింది' అని ఎవరూ అనగా నేను వినలేదు. పొయ్యి దగ్గరికి వచ్చింది 'మగ్గు' ఒక్కటే. మీ మాట రాసి పెట్టుకున్నాను.

— ఖైదీ విషయంలో మీతో ఏకీభవించలేకపోతున్నానమ్మా. మ్రగ్గుకు నశించు, క్షీణించు అనే అర్థాలు ఉన్నాయి. జైల్లో మగ్గడంలో గాలాడకపోవడం కంటే, లోలోపల క్షీణించిపోవడమే కనిపిస్తోంది.

జవాబు: మీరన్నది సబబుగా ఉందండి. కూర ముక్క కూడా మగ్గితే బిగువు పోయి కుంగుతుంది కదా. బుట్టెడు తోటకూర మగ్గితే గిన్నెడవుతుంది. నేను మూత వైపు నుంచి చూశాను, మీరు ముక్క వైపు నుంచి చూశారు. నా రాతలో ఆ వాక్యం మార్చుకుంటాను.

— మా హైదరాబాద్‌లో బిర్యానీకి 'దమ్' పెడతాం కదా. అది మగ్గబెట్టడమేనా?

జవాబు: చేసే పని చూస్తే చాలా దగ్గరిది. కచ్చీ బిర్యానీకి పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, గిన్నె అంచుకు పిండి పూసి మూత బిగిస్తారు. ఆవిరి లోపలే తిరుగుతుంది. దమ్ అంటే ఫార్సీలో ఊపిరి. ఫార్సీ వాళ్లు లోపల తిరిగే ఆవిరిని ఊపిరి అన్నారు. మన మాట ఆ ఆవిరిలో ఉన్న ముక్కకు ఏమవుతుందో చెబుతోంది. ఒకే గిన్నెను రెండు భాషలు రెండు వైపుల నుంచి చూడటం నాకు ఎంతో నచ్చింది. ఏడాదంతా రాసినా ఈ సంగతి నాకు తట్టలేదు, మీ ప్రశ్న వల్లే తట్టింది.

— అన్నానికి 'మగ్గడం' అనరు, గమనించారా? గంజి వార్చాక మళ్లీ సన్న సెగ మీద పెట్టి 'ఉమ్మగిలనివ్వు' అనేది మా నాయనమ్మ. ఇప్పుడు మా ఇంట్లో ఎవరం అనడం లేదు.

జవాబు: ఉమ్మగిలడం! ఈ మాట విని నాకు ఇరవై ఏళ్లయి ఉంటుంది. మేమంతా కుక్కర్‌లోకి మారిపోయాం. వార్చడమే లేనప్పుడు ఉమ్మగిలడం ఎక్కడ ఉంటుంది? వచ్చే వారం గంజి వార్చిన అన్నం గురించి రాస్తాను. మీ నాయనమ్మగారు ఎంతసేపు ఉంచేవారో, మూత మీద నిప్పులు వేసేవారో లేదో గుర్తుంటే చెప్పండి.