తుడిచి, గీకి, గాడి తీసే పనికి కూలి ఎలా అడగాలి?

కొత్త షెడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పదేళ్లకు పైగా ఇతరుల వర్క్‌షాపుల్లో వెల్డరుగా పనిచేసి, ఏడాదిన్నర క్రితం సొంతంగా ఒక చిన్న రిపేరు షెడ్డు పెట్టుకున్నాను. ఒక స్టిక్ మెషీను (రాడ్డుతో అతికేది), ఒక మిగ్ మెషీను (తీగతో అతికేది), రెండు గ్రైండర్లు, గ్యాస్ కటింగ్ సెట్టు, ఒక సహాయకుడు, ఇదే నా సరంజామా. గేట్లు, గ్రిల్స్ వంటి కొత్త పని నా దగ్గరికి తక్కువగా వస్తుంది. పగిలిన ట్రైలరు ఛాసిస్‌లు, అరిగిన లోడరు బకెట్లు, విరిగిన సేద్యపు పనిముట్లు, బీడు (పోత ఇనుము) హౌసింగులు (యంత్రాల పై తొడుగులు), అంటే ఏళ్ల తరబడి వాడి పాడైన వస్తువులే ఎక్కువ.

పాత యజమానుల దగ్గర చూసిన అలవాటు ప్రకారం నేను కూడా అతుకు పొడవును బట్టి, కాలిన రాడ్ల లెక్కను బట్టి కూలి చెబుతున్నాను. కొత్త ఇనుముకు ఈ లెక్క సరిపోతుందేమో గానీ, రిపేరుకు సరిపోవడం లేదని ప్రతి నెలాఖరుకూ తెలిసివస్తోంది. మొన్న ఒక లోడరు చేతికి పిన్ను దగ్గరి బ్రాకెట్ పగిలి వచ్చింది. దాని మీద వేలు మందాన గ్రీజూ మట్టీ పేరుకుని ఉన్నాయి. వాటి కింద మూడు పొరల పెయింటు, దాని కింద ఎవరో ఇంతకుముందు తుప్పు మీదే పెట్టిన అతుకు. ఆ పాత అతుకును గ్రైండరుతో తవ్వుతూ పోతే లోపలంతా స్లాగ్ (వెల్డింగులో మిగిలే చిట్టెం) ముద్దలే కనిపించాయి. తుడవడానికి, పాత లోహం తీసేయడానికి, పగులు ఎక్కడ ఆగిందో వెతికి గాడి తీయడానికి మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. వెల్డింగ్ మాత్రం ముప్పై అయిదు నిమిషాల్లో అయిపోయింది. లెక్క చెప్పగానే బండి యజమాని, “జానెడు అతుకే కదండీ, దీనికింతా?” అన్నారు. ఆయన మాటకు నా దగ్గర జవాబు లేక సగానికి తగ్గించుకున్నాను.

ఈ సిద్ధం చేసే పనికి విడిగా కూలి వేయడం న్యాయమేనా? వేస్తే ముందుగా ఎంతని చెప్పాలి, పొర తీసి చూడనిదే లోపల ఏముందో నాకే తెలియనప్పుడు? తుడిచే పని మేమే చేసుకుని తెస్తాం, తగ్గించండి అని కొందరు అడుగుతున్నారు, వారికి ఒప్పుకోవచ్చా?

ముప్పై ఏళ్ల సెగ

మీరు అడగవలసిన ప్రశ్నే అడిగారు, కాకపోతే ఒక మాట సరిచేయనివ్వండి. మీరు చేసింది వెల్డింగుకు ముందు పని కాదు, ఆ మూడు గంటల నలభై నిమిషాలూ వెల్డింగ్ పనే. తుప్పు మీదా గ్రీజు మీదా ఆర్క్ (అతికేటప్పుడు వెలిగే విద్యుత్ మంట) కొడితే వాటిలోని తేమా నూనే విడిపోయి, హైడ్రోజన్ కరిగిన లోహంలోకి చేరుతుంది. బీడ్‌లో (కరిగి గడ్డకట్టిన అతుకు గీతలో) సన్నని రంధ్రాలు పడతాయి, గట్టి ఉక్కు అయితే ఆ రోజు బాగానే ఉన్నట్టు కనిపించి మర్నాడు అతుకు పక్కనే పగులు వస్తుంది. ఆ బ్రాకెట్‌కు ముందు ఎవరో పెట్టిన అతుకు ఎందుకు ఊడిందో మీరు చెప్పిన వివరాల్లోనే ఉంది. ఆయన మీరు చేసిన మూడు గంటలూ చేయలేదు, అంతే తేడా.

నేను కూడా మొదట్లో రాడ్ల లెక్కే చెప్పేవాణ్ణి. ఒకసారి విసిగిపోయి, వారం రోజుల పాటు గోడకు పలక వేలాడదీసి, ఆర్క్ వెలిగినప్పుడల్లా గడియారం చూసి రాసుకున్నాను. రోజుకు ఎనిమిది గంటల పనిలో ఆర్క్ వెలిగిన సమయం ఏ రోజూ రెండు గంటలు దాటలేదు. చేత్తో రాడ్డు పట్టి చేసే పనిలో ఎక్కడైనా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మిగతా ఆరు గంటలూ విప్పడం, తుడవడం, గాడి తీయడం, బిగించడం, ట్యాకులు (ముక్కలు కదలకుండా పెట్టే చుక్క అతుకులు) వేయడం, స్లాగ్ కొట్టడం, తిరిగి గ్రైండ్ చేయడం. రాడ్ల లెక్కన కూలి చెప్పే మనిషి ఈ ఆరు గంటలనూ ఉచితంగా ఇచ్చేస్తున్నట్టు.

కాబట్టి గంట లెక్కకు మారండి. ఆ గంట ధర కట్టేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: అద్దె, కరెంటు, గ్యాసు, సహాయకుడి జీతం, మీ జీతం అన్నీ కూడి, షెడ్డు తెరిచి ఉన్న గంటలతో భాగిస్తారు. నెలకు రెండు వందల గంటలు తెరిచి ఉంచినా, అందులో ఎవరి పేరు మీదా రాయలేని గంటలు చాలా ఉంటాయి: సామాను తెచ్చుకోవడం, మెషీను బాగుచేసుకోవడం, ఊరికే ధర అడగడానికి వచ్చినవారితో మాట్లాడటం. బిల్లుకెక్కే గంటలు నూటపది మాత్రమే అయితే మీ ఖర్చంతటినీ ఆ నూటపదితోనే భాగించాలి. అలా వచ్చిన గంట ధర గ్రైండరు పట్టుకున్న గంటకూ వెల్డింగ్ హోల్డరు పట్టుకున్న గంటకూ ఒక్కటే. తుడిచే గంట చవక, వెల్డింగ్ గంట ఖరీదు అని రెండు ధరలు పెట్టారంటే, తుడిచే పని తక్కువ రకం పని అని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. సహాయకుడు ఒక్కడే చేసే తుడుపుకు కొంచెం తగ్గించవచ్చు. పాత అతుకు తవ్వడం మాత్రం అనుభవం ఉన్న చెయ్యే చేయాలి, అక్కడ తగ్గించవద్దు. కటింగ్ డిస్కులు, ఫ్లాప్ డిస్కులు, వైర్ బ్రష్షులు కూడా రాడ్లలాగే కరిగిపోయే సామానే. వాటిని బిల్లులో చేర్చండి.

లోపల ఏముందో తెలియనప్పుడు ఎంతని చెప్పాలన్న మీ రెండో ప్రశ్నకు నా పద్ధతి ఇది. పనిని రెండుగా విడగొడతాను. మొదటిది ‘విప్పి చూసే కూలి’. అతుకు పడే చోట రెండు వైపులా కనీసం ఒక అంగుళం మేర మెరిసే ఇనుము కనిపించేదాకా శుభ్రం చేసి, పగులు పొడవు చూపించడానికి ఇంత అని ముందే గీత గీసి చెబుతాను. అది చేశాక యజమానిని పిలిచి, చోటు చూపించి, అప్పుడు మిగతా పనికి అంచనా చెబుతాను. ఆయనకు ఇష్టం లేకపోతే మొదటి కూలి ఇచ్చి వస్తువు తీసుకువెళ్లవచ్చు. ఇలా మొదలుపెట్టాక ‘జానెడు అతుకే కదా’ అన్న మాట దాదాపు వినిపించడం మానేసింది, ఎందుకంటే ఆ జానెడు కింద ఏముందో ఆయన తన కళ్లతోనే చూశారు. రాలేనివారికి ఫోనులో ఫోటోలు పంపుతాను: తెచ్చినప్పటిది ఒకటి, పెయింటు తీశాక ఒకటి, పనికి ఒప్పుకున్నాక పాత అతుకు సగం తవ్వి, స్లాగ్ కనిపిస్తుండగా ఒకటి. చివరిదే అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

బీడు పనివాడు

పెద్దాయన చెప్పిన గంట లెక్కతో నాకు పేచీ లేదు, దాన్ని ఖాతాదారుకు విడి పద్దులుగా చూపించడంతోనే నాకు కుదరలేదు. కాగితం మీద ‘శుభ్రం చేసినందుకు ఇంత, గాడి తీసినందుకు ఇంత, వెల్డింగుకు ఇంత’ అని రాసిన రోజున బేరం సరిగ్గా మొదటి గీత దగ్గరే మొదలవుతుంది. ‘ఆ తుడిచేది తీసేయండి, వెల్డింగుకు మాత్రం ఇస్తాను’ అంటారు. తుడవకుండా వెల్డింగ్ లేదని తెలిసినవారికి విడి పద్దు అక్కరలేదు, తెలియనివారికి అది బేరానికి పిడి దొరికినట్టు. నేను ‘హౌసింగ్ రిపేరు, మొత్తం ఇంత’ అని ఒకే అంకె రాస్తాను. విడి లెక్క నా పుస్తకంలో ఉంటుంది, నాకోసం.

నా పని ఎక్కువగా బీడుతోనే కాబట్టి ఇలా అలవాటైంది. బీడు ముక్కలో వెల్డింగ్ అనేది పనిలో చివరి చిన్న భాగం. ఏళ్ల తరబడి నూనెలో నానిన హౌసింగ్ అయితే లోహపు రంధ్రాల్లోకి నూనె ఇంకి ఉంటుంది. పైన ఎంత తుడిచినా సెగ తగలగానే తిరిగి ఊరుతుంది. కాబట్టి ముందు టార్చ్‌తో కాల్చి, తుడిచి, మళ్లీ కాల్చాలి. పగులుకు రెండు కొనల దగ్గరా చిన్న రంధ్రం వేయాలి, లేకపోతే వేడికి పగులు ముందుకు పాకుతుంది. కొన కంటికి కనిపించేచోటికన్నా ఎప్పుడూ అవతలే ఉంటుంది, అందుకే ఎర్ర రంగు డై (పగుళ్లలోకి ఇంకే ద్రవం) పోసి, పది నిమిషాలు ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ (ఇంకిన రంగును పైకి లాగి చూపే పూత) కొట్టి చూశాకే రంధ్రం వేస్తాను. ఆ తర్వాత వి ఆకారంలో గాడి, ముక్కంతటికీ సమంగా వేడి, నికెల్ రాడ్డుతో అంగుళం అంగుళం చొప్పున చిన్న బీడ్లు, ప్రతి బీడ్ వేడిగా ఉండగానే చిన్న సుత్తితో మెల్లగా కొట్టడం, చివర పొడి సున్నంలో పాతిపెట్టి రాత్రంతా నెమ్మదిగా చల్లారనివ్వడం. సున్నంలో పడుకున్న రాత్రికి గంట లెక్కన ఏమని రాస్తాం? అందుకే పనిని మొత్తంగా చూసి ఒకే ధర చెప్పాలంటాను.

ఇంకొకటి, బీడు రిపేరు కొన్నిసార్లు ఎంత జాగ్రత్తగా చేసినా నిలవదు. ఆ సంగతి వస్తువు దించుకోకముందే చెప్పాలి. నిలవకపోయినా కూలి ఇవ్వాలా వద్దా అన్నది కూడా అప్పుడే తేలాలి. నేను ‘ప్రయత్నానికి కూలి, ఫలితానికి హామీ లేదు’ అని కాగితం మీద రాసి సంతకం తీసుకుంటాను. ఇలా రాయించుకున్నందుకు వెళ్లిపోయినవారు ఉన్నారు. వెళ్లనివ్వండి.

మాస్కు తీయనివాడు

మూడో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. తుడుచుకుని తెస్తామంటే ఒప్పుకోండి, కాని దేనితో తుడిచారో అడగకుండా ఆర్క్ కొట్టవద్దు. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనరు చెమ్మ మిగిలిన చోట ఆర్క్ వెలిగిస్తే, ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలకూ వేడికీ అది ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆ వాయువు ప్రభావం వెంటనే తెలియదు, గంటల తర్వాత బయటపడుతుంది. నేను ‘సబ్బు నీళ్లు, వైర్ బ్రష్, ఇంతే వాడండి’ అని ముందే చెబుతాను.

గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) పైపులు తెచ్చేవారు బాగా మెరుస్తూ శుభ్రంగానే ఉంది కదా, తుడిచేదేముంది అంటారు. జింకు దాదాపు 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, ఉక్కు కరగడానికి దాదాపు 1500 డిగ్రీలు కావాలి. ఉక్కు కరిగేలోపే జింకు తెల్లని పొగై లేస్తుంది, బీడ్ అంతా రంధ్రాలమయం అవుతుంది, మనకు సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. ఆ పూత గీకడం, పని అయ్యాక తిరిగి జింకు పెయింటు వేయడం రెండూ కూలిలో ఉండాలి. అల్యూమినియం అయితే కళ్లకు కనిపించని మురికి దాని మీద ఉంటుంది. లోహం 660 డిగ్రీలకు కరుగుతుంది, పైనున్న ఆక్సైడ్ పొరకు 2000 డిగ్రీలు దాటాలి. దానికి విడిగా పెట్టుకున్న స్టెయిన్‌లెస్ బ్రష్‌తో, వెల్డింగుకు కాస్త ముందుగా మాత్రమే రుద్దాలి, కాబట్టి నిన్న ఇంట్లో రుద్ది తెచ్చినది లెక్కలోకి రాదు.

పెట్రోలు, డీజిలు ట్యాంకుల సంగతి వేరు. ‘ఖాళీ చేసి కడిగాం’ అన్న మాట మీద వాటిని అంటుకోవద్దు. మడతల్లో, అతుకుల్లో మిగిలిన ఇంధనపు ఆవిరి చాలు పేలడానికి. నీటి ఆవిరితో శుద్ధి చేసి, లోపలి గాలిని పరీక్షించే పరికరం ఉండి, పద్ధతి తెలిసినవారి దగ్గరికి పంపండి. సిద్ధం చేసే పనికి ఎంత ఇస్తామన్నా నేను తీసుకోని పని అదొక్కటే.

కొత్త షెడ్డు

అందరికీ ధన్యవాదాలు. నిన్న కూర్చుని పలక మీద కాకపోయినా పాత పుస్తకంలో లెక్క వేసి చూశాను. గత నెల బిల్లుకెక్కిన గంటలు నేను అనుకున్నదాంట్లో సగం కూడా లేవు. విప్పి చూసే కూలి పద్ధతి పెద్ద ముక్కలకు, ఒకే అంకె పద్ధతి బీడుకూ చిన్న పనులకూ పెట్టుకుందామనుకుంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది. విప్పి చూశాక యజమాని వద్దంటే, పెయింటు గీకేసి, గాడి సగం తీసిన ముక్కను అలాగే తిరిగి ఇవ్వడం బాగుంటుందా?

ముప్పై ఏళ్ల సెగ

విప్పి చూసే దశలో గాడి తీయవద్దు. తుడవండి, డై పోయండి, చూపించండి, అక్కడ ఆగండి. ఆ స్థితిలో ముక్క వచ్చినప్పటికన్నా శుభ్రంగా తిరిగి వెళుతుందే తప్ప బలహీనపడదు. గ్రైండరు లోహంలోకి దిగడమంటే రెండో అంచనాకు ఒప్పుకున్నట్టు అని కాగితంలో ఒక వాక్యం చేర్చండి. వద్దన్నవారి ముక్క మీద ప్రైమరు కొట్టి ఇస్తాను, తుప్పు పట్టకుండా. దానికి మాత్రం కూలి వేయను. అలా వద్దని తీసుకువెళ్లినవారిలో కొందరు వారం తిరగకముందే అదే ప్రైమరుతో వెనక్కి వస్తారు.

బీడు పనివాడు

వచ్చినప్పుడు మళ్లీ విప్పి చూసే కూలి అడగకండి. ఇంకెక్కడైనా అతుకు పెట్టించుకుని వస్తే తప్ప.