కాకినాడ తీరంలో నిజంగా ఉపయోగపడే పర్యావరణ కార్యక్రమాలు ఏవి? డిగ్రీ అయిన తమ్ముడికి ఇక్కడే ఏదైనా పని దొరుకుతుందా?

ప్రశ్న – కోరంగి అక్క

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. పెళ్ళయ్యాక కొన్నేళ్ళు బయట ఉండి మళ్ళీ సొంతూరికి వచ్చేశాం. వచ్చినప్పటి నుంచి బీచ్‌కి పిల్లల్ని తీసుకెళ్తుంటే ప్లాస్టిక్ చూసి బాధేస్తోంది, ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తోంది. మొన్న ఒక బీచ్ క్లీనింగ్ అంటే వెళ్ళాం. టీషర్టులిచ్చారు, బ్యానర్ పట్టుకుని ఫొటోలు దిగారు, చెత్త సంచుల్లోకి ఎత్తారు. సాయంత్రం మేము అటు వెళ్తే ఆ సంచులు అక్కడే ఉన్నాయి, రెండు కుక్కలు చింపేస్తున్నాయి. ఎవరు తీసుకెళ్ళాలో ఎవరికీ తెలియదట. మళ్ళీ అలాంటి దానికి వెళ్ళాలని లేదు. నిజంగా పని జరిగే కార్యక్రమాలు ఏ నెలలో, ఎక్కడ జరుగుతాయో తెలిసినవాళ్ళు చెప్పండి. విశాఖ వైపువి అయినా ఫరవాలేదు, సెలవుల్లో వెళ్ళగలం.

ఇంకో విషయం. మా తమ్ముడు బీయస్సీ జువాలజీ చేశాడు. అందరూ హైదరాబాద్ వెళ్ళి కోర్సు నేర్చుకోమంటున్నారు, వాడికేమో ఈ సముద్రం, మడ అడవులు అంటే ఇష్టం. ఈ రంగంలో మన జిల్లాలోనే బతికే దారి ఉందా, లేక వాలంటీరుగా తిరిగి వదిలేయాల్సిందేనా? నిజం చెప్పండి, ఆశ పెట్టొద్దు.

జవాబు – విశాఖ అలలు

అండీ, ముందు మీ మొదటి ప్రశ్నకి. మన తీరంలో పనికి ఒక క్యాలెండర్ ఉంది, అది కార్యక్రమాలు పెట్టేవాళ్ళు రాసింది కాదు, సముద్రం రాసింది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక గూట్లో సుమారు వంద గుడ్లు ఉంటాయి. అటవీ శాఖ వాళ్ళు, వాళ్ళతో పనిచేసే మత్స్యకార యువకులు రాత్రంతా తీరం వెంట తిరిగి ఆ గుడ్లను తీసి కంచె వేసిన హ్యాచరీలో మళ్ళీ పాతిపెడతారు, లేకపోతే కుక్కలు, నక్కలు, అడవి పందులు తవ్వేస్తాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. వాటిని సముద్రంలోకి వదిలేది మార్చి, ఏప్రిల్‌లో, తెల్లవారుజామునో సాయంత్రమో. చాలా చోట్ల అది చూడటానికి జనాన్ని రానిస్తారు, మా విశాఖలో రానిస్తారు. మీ దగ్గర హోప్ ఐలాండ్ వైపు కూడా గూళ్ళు ఉంటాయి. మీరు పిల్లలతో వెళ్ళాల్సిందంటూ ఉంటే అది ఇదే.

కానీ ఒక్క మాట. పిల్ల తాబేలును చేతిలో పట్టుకుని సెల్ఫీ తీసుకోవడం, నేరుగా నీళ్ళలో వేసెయ్యడం చెయ్యకూడదు. అది ఇసుక మీద తనంతట తాను పాకి వెళ్ళాలి, లైటు దాని వైపు వేస్తే దారి తప్పుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది ఒకటో షెడ్యూల్ జంతువు, ముట్టుకోవడం కూడా తప్పే. మంచిగా నడిపే వాళ్ళు ముందే ఇవన్నీ చెప్తారు. చెప్పకుండా చేతికి అందించే చోటికి వెళ్ళొద్దు, అది చూస్తేనే నిర్వాహకులు ఎలాంటివాళ్ళో తెలిసిపోతుంది.

అలాగే అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బాగా తగ్గినప్పుడు మా ఋషికొండ, జోడుగుళ్ళపాలెం దగ్గర రాళ్ళ మీద నడిచి సముద్రపు జీవుల్ని చూసే నడకలు పెడతారు. పీతలు, సముద్రపు పువ్వులు, నక్షత్రాలు, ఎన్నో కనబడతాయి. ఫొటో తీసి ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే అది నిజంగా శాస్త్రానికి పనికొచ్చే సమాచారం అవుతుంది. పిల్లలకి బీచ్ క్లీనింగ్ కన్నా ఇది ముందు చూపించండి, ఇష్టం పుడితే మిగతాది వాళ్ళే చేస్తారు.

జవాబు – ఉప్పాడ కుర్రాడు

అక్కా, క్లీనింగ్ వద్దనను గానీ మూలం చూడండి. మా ఊరి ఒడ్డుకి వచ్చే చెత్తలో సగం ఒడ్డున పడేసింది కాదు, కాలువల్లోంచి, పైనుంచి గోదారి తెచ్చిందే. వరద తగ్గాక చూడండి, బాటిళ్ళు, థర్మోకోలు, మందుల డబ్బాలు ఒక గీతలా పడి ఉంటాయి. దాన్ని ఏటా ఎత్తుతూ ఉండచ్చు. ఎక్కడెక్కడ కాలువ సముద్రంలో కలుస్తుందో అక్కడ తెర కట్టి ఆపమని పంచాయతీని, మున్సిపాలిటీని అడిగే గ్రూపు ఉంటే అందులో నేనూ వస్తాను, ఎందుకంటే ఒడ్డు నుంచి లాగే మా అలివి వలలో చేపల కన్నా కవర్లు ఎక్కువ పడిన రోజులు ఉన్నాయి.

ఇంకోటి, మా వాళ్ళని కలుపుకోకుండా బీచ్‌లో ఏం చేసినా నిలబడదు. తాబేలు చచ్చి ఒడ్డుకొస్తే వెంటనే అందరూ మత్స్యకారులనే తిడతారు. నిజానికి వాటిని చంపేది ఎక్కువగా పెద్ద మరబోట్ల ట్రాల్ వలలు. ఆ వల నీళ్ళలో గంటల తరబడి లాగుతారు, తాబేలు ఊపిరి పీల్చడానికి పైకి రాలేక లోపలే చచ్చిపోతుంది. అది తప్పించుకోవడానికి వలకి బిగించే పరికరం ఉంది, ఆ బోట్లు ఒడ్డుకి ఎనిమిది కిలోమీటర్ల లోపలికి రాకూడదని మన రాష్ట్ర చట్టం 1994 నుంచీ ఉంది. అమలు కావాలి అంతే. తెప్ప మీద, చిన్న నావ మీద వెళ్ళే మా నాన్న లాంటివాళ్ళు తాబేలు వలలో పడితే వల కోసి మరీ వదిలేస్తారు, వల కోస్తే మాకే నష్టం. మా వాళ్ళు దాన్ని కూర్మావతారం అనుకుంటారు, దండం పెట్టి వదులుతారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. అప్పుడు మరబోట్లు ఒడ్డునే ఉంటాయి, జనం ఇళ్ళ దగ్గరుంటారు. పాడైన వలలు, తాళ్ళు ఏరే పని అప్పుడే పెట్టండి. ఎవరైనా వచ్చి పాత వలకి కిలోకి ఇంత ఇస్తామంటే మేమే సంచులు కట్టి ఇస్తాం, సముద్రంలో పారేయం. మాకు ఫొటోలు కాదు, రేటు చెప్పండి. అది గౌరవం తక్కువ మాటేం కాదు, పనికి డబ్బు అడుగుతున్నాం.

జవాబు – గోదారి గట్టు

కోరంగి వైపు నేను తరచూ వెళ్తాను కనుక మడ అడవుల గురించి రాస్తాను. జూలై 26న ప్రపంచ మడ అడవుల దినం అని చాలామంది మొక్కలు నాటతారు. నాటడం మంచిదే, కానీ మడ ఎక్కడ పడితే అక్కడ బతకదు. ఇసుక బీచ్‌లో పాతితే చచ్చిపోతుంది. పోటు నీళ్ళు రోజూ వచ్చి పోయే బురద కావాలి. కోరంగి లాంటి చోట్ల పాడైన మడ అడవి తిరిగి లేచిందంటే, పోటు నీళ్ళు లోపలికి చేరేలా చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వడం వల్ల. ఉప్పు పేరుకుపోయి ఎండిన నేలకి నీళ్ళు తిరిగి వచ్చాయి, అప్పుడు విత్తనాలు తామే వచ్చి నిలబడ్డాయి, మిగతాచోట మనం పెట్టాం. ఈ పని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి గోదావరి, కృష్ణా రెండు చోట్లా చేశాయి. ఎవరైనా నాటడానికి పిలిస్తే ముందు ‘నీళ్ళు ఎటునుంచి వస్తాయి, ఏడాది తర్వాత ఎవరు చూస్తారు’ అని అడగండి. 2023లో కేంద్రం మిష్టీ పథకం పెట్టింది, అందులో మడ పెంపకానికి నిధులున్నాయి, స్థానిక కమిటీలకీ పని దొరుకుతుంది.

చలికాలంలో అయితే పక్షుల లెక్క. ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది, కోరంగిలో కూడా చేస్తారు. బైనాక్యులర్ ఉంటే చాలు, కొత్తవాళ్ళని కూడా జట్టులో పెట్టుకుంటారు, ఏ పక్షి ఏదో చెప్తారు. ఆ తీరంలోనే ఇండియన్ స్కిమ్మర్ అనే అరుదైన పక్షి కనిపిస్తుంది, ముక్కు కింది భాగం పై భాగం కన్నా పొడుగు, నీళ్ళ మీద ముక్కుతో గీత గీస్తూ ఎగురుతుంది. ఒకసారి చూస్తే మరిచిపోరు. మీ తమ్ముడు జువాలజీ అన్నారు కదా, వాడు ఫిబ్రవరిలో జరిగే పక్షుల లెక్కలో కూడా ఈబర్డ్ యాప్‌లో జాబితాలు పెట్టడం మొదలుపెడితే రేపు ఎక్కడ ఇంటర్వ్యూకి వెళ్ళినా చెప్పుకోవడానికి తన పేరున పని ఉంటుంది.

చొల్లంగి అమావాస్య సంగతి కూడా మరవకండి. సముద్ర స్నానానికి వేలమంది వస్తారు. మరుసటి రోజు ఒడ్డు మీద పాత బట్టలు, కవర్లు, ప్లాస్టిక్ పూలు. భక్తితో వచ్చేవాళ్ళని ఆపలేం, ఆపకూడదు కూడా, కానీ ముందే గోనె సంచులు పెట్టి, బట్టలు వదలాలంటే ఇక్కడ వదలండి అని చెప్పే పదిమంది ఉంటే సముద్రంలోకి పోయేది చాలా తగ్గుతుంది. దేవస్థానాల వాళ్ళతో, పంచాయతీతో మాట్లాడి చేసే పని ఇది. అంతర్వేది తీర్థానికీ ఇదే అవసరం.

జవాబు – మెరైన్ రాము

తమ్ముడి ఉద్యోగం గురించి ఎవరూ సూటిగా చెప్పట్లేదు కనుక చెప్తున్నాను. వాలంటీరుగా తిరగడంతో ఇల్లు గడవదు, అది నిజం. కానీ దారులు ఉన్నాయి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద తీరప్రాంత గ్రామాల్లో సాగర మిత్రలు అని తీసుకుంటారు. ఫిషరీస్ సైన్స్, మెరైన్ బయాలజీ లేదా జువాలజీ డిగ్రీ, 35 ఏళ్ళ లోపు వయసు, స్థానికుడై ఉండాలి. నెలకి 15 వేలు. కాంట్రాక్టు పనే, ఎదుగుదల ఉంటుందనుకోవద్దు, కానీ మత్స్యకారులతో రోజూ పనిచేసే అనుభవం వస్తుంది. నోటిఫికేషన్ జిల్లా మత్స్య శాఖ ఆఫీసులో వస్తుంది, అక్కడికి వెళ్ళి అడిగి రావాలి, ఇంటర్నెట్‌లో ఎదురుచూస్తే తేదీ అయిపోయాక తెలుస్తుంది.

చదువు కొనసాగించే ఓపిక ఉంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ ఉంది, విశాఖలోనే సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ), జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా వీళ్ళ కేంద్రాలున్నాయి. వీటిలో ప్రాజెక్టు అసిస్టెంట్లని తీసుకుంటుంటారు, ఎమ్మెస్సీ అడుగుతారు ఎక్కువగా. కాకినాడలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ కేంద్రం ఉంది, రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ కూడా ఉంది, చేపల చెరువులకీ రొయ్యల హ్యాచరీలకీ పనికొచ్చే శిక్షణలు ఇస్తారు. మన జిల్లాలో రొయ్యల హ్యాచరీల్లో టెక్నీషియన్ పని ఎప్పుడూ ఉంటుంది. అది పర్యావరణ పని కాదు, చెరువుల నీళ్ళు కాలువలోకి వదిలేస్తే నష్టం చేసేదీ అదే, కానీ లోపల ఉండి నీళ్ళు శుద్ధి చేసి వదిలే పద్ధతి తెచ్చినవాడు బయట నినాదాలిచ్చే వాడికన్నా ఎక్కువ మేలు చేస్తాడని నా నమ్మకం. అటవీ శాఖ బీట్ ఆఫీసర్ పరీక్ష రాయమనండి, అదీ దారే.

జవాబు – చెన్నై తెలుగమ్మాయి

నేను చెన్నైలో చదువుకుంటున్నాను. ఇక్కడ విద్యార్థులు 1988 నుంచి సముద్ర తాబేళ్ళ కోసం ఒక నెట్‌వర్క్ నడుపుతున్నారు, సీజన్‌లో రాత్రిపూట ఒడ్డు వెంట నడుస్తూ గూళ్ళు వెతుకుతారు, శుక్ర శనివారాల రాత్రి నడకల్లో జనాన్ని కూడా తీసుకెళ్తారు. ఇన్నేళ్ళు ఎలా నడిచిందంటే ఏటా కొత్త పిల్లలు వస్తారు, పాతవాళ్ళు నేర్పి వెళ్తారు. 2025 జనవరిలో చెన్నై తీరంలో వందల తాబేళ్ళు చచ్చి కొట్టుకొచ్చినప్పుడు లెక్క రాసి బయటపెట్టింది ఇలా రోజూ నడిచినవాళ్ళే. ఎవరూ నడవకపోతే ఆ లెక్కే ఉండేది కాదు. కాకినాడ కాలేజీల్లో ఇలాంటి జట్టు ఒకటి పుడితే తమ్ముడు దాన్ని పట్టుకోవచ్చు. నేను సెలవుల్లో వచ్చి మొదటి రాత్రులు నడవడానికి సిద్ధం.

తిరుగు జవాబు – కోరంగి అక్క

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఉప్పాడ తమ్ముడూ, పాత వలల రేటు మాట నాకు బాగా నచ్చింది, ఆ నిషేధం రోజుల్లోనే మొదలుపెడదాం, కాకినాడలో పాత ఇనుము కొనే ఒకరిని అడుగుతాను, నైలాన్ వల తీసుకుంటారేమో. మా తమ్ముడికి రాము గారి జవాబు చదివి వినిపించాను, సోమవారం మత్స్య శాఖ ఆఫీసుకి వెళ్తానన్నాడు. ఒక్క సందేహం, ఈ జనవరిలో రాత్రి మేమే ఒక చిన్న జట్టుగా తీరం వెంట నడిచి గూళ్ళు వెతకచ్చా?

జవాబు – విశాఖ అలలు

మీ అంతట మీరు వద్దండీ. ముందు మీ అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి వెళ్ళి పేర్లు ఇవ్వండి, రాత్రి కాపలా తిరిగే వాచర్లతో కలిసి వెళ్తే ఫరవాలేదు. తెల్ల టార్చి కాకుండా ఎర్ర కాగితం అంటించిన లైటు తీసుకెళ్ళండి, తాబేలు పైకొస్తుంటే కదలకుండా కూర్చోండి, గుడ్లు పెట్టడం మొదలయ్యేదాకా దగ్గరికి పోవద్దు, బెదిరితే పెట్టకుండా వెనక్కి వెళ్ళిపోతుంది. గుడ్లు తీసేది వాచర్లే, మనం సమయం, చోటు రాసి పెడితే చాలు. చలి ఉంటుంది, పిల్లలకి స్వెట్టరు వేయండి.