35 ఏ4 ఇంజిన్లలో మిగిలినవి ఆరు: ‘ఎంపైర్ ఆఫ్ ఇండియా’ తుక్కుకు ఎందుకు పోయింది?

గోదావరి వంతెన
మా అమ్మాయి లీడ్స్‌లో ఉంటోంది, ఈ వేసవికి వెళ్తున్నాం. ఎల్‌ఎన్‌ఈఆర్ (లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే) వారి ఏ4 రకం ఆవిరి ఇంజిన్లు చూడాలని ఎప్పటి నుంచో కోరిక. మూడు సంగతులు తెలియాలి. బ్రిటన్‌లో ఉన్న నాలుగింటిలో ఏవి కళ్లారా చూడవచ్చు? నడుస్తున్న దాని వెనక ప్రయాణించాలంటే ఏం చేయాలి? 1937లో కారొనేషన్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు కోసం అయిదు ఇంజిన్లకు సామ్రాజ్యంలోని దేశాల పేర్లు పెట్టారు కదా, అందులో కెనడా, దక్షిణాఫ్రికా పేర్లున్నవి బతికి, మన పేరున్న 4490 ‘ఎంపైర్ ఆఫ్ ఇండియా’ మాత్రం 1964లో తుక్కెందుకైంది? మల్లార్డ్ అనే ఏ4 గంటకు 126 మైళ్లతో రికార్డు కొట్టిన కథ అందరికీ తెలుసు, దాని జోలికి వెళ్లకండి, దయచేసి.

పొగగొట్టం
జోలికి వెళ్లక తప్పదు, ఎందుకంటే ఆ అంకెను ఏ4ల రూపకర్త గ్రెస్లీయే ఒప్పుకోలేదు. 125 అన్నారాయన. వేగం కొలిచే డైనమోమీటర్ పెట్టెలోని కాగితం చుట్ట మీద క్షణకాలం మెరిసిన అంకె 126. ఇంజిన్‌కు 126 అని రాసిన ఫలకం బిగించింది 1948లో, ఆయన 1941లోనే పోయారు. బతికుంటే బిగించనిచ్చేవారు కాదు.

బెర్లిన్ మెయిల్
125 అయినా 126 అయినా దిగుడులో వచ్చిన వేగం. 1938 జులై 3న స్టోక్ గట్టు మీద నుంచి కిందికి వదిలారు. జర్మన్ 05 002 ఇంజిన్ 1936 మే 11న గంటకు 200.4 కిలోమీటర్లు అందుకుంది, అదీ హాంబుర్గ్–బెర్లిన్ మార్గంలో, చదును నేల మీద. పరుగయ్యాక దాని ఒంట్లో ఏదీ విరగలేదు. మల్లార్డ్ పీటర్‌బరో దాకా కుంటుకుంటూ వచ్చి ఆగిపోతే, రైలును లండన్‌కు చేర్చడానికి అట్లాంటిక్ రకం పాత ఇంజిన్ రావలసి వచ్చింది. ఆవిరి బండ్లలో నిజమైన విజేత ఎవరో మీరే చెప్పండి.

పొగగొట్టం
చెబుతాను. మీ 05 లాగింది 197 టన్నులు, మల్లార్డ్ లాగింది 240. మీ బండి చక్రాలు 2.3 మీటర్ల వ్యాసం, ఏ4 చక్రాలు 2.03 మీటర్లు. పైగా గ్రాంథమ్ దగ్గర పట్టాల పని జరుగుతుంటే బండి బాగా నెమ్మదించి, అక్కడి నుంచి ఎత్తెక్కి, ఆ తరువాతే దిగింది. వాలు అంటే కొండ చరియ కాదు, 200 అడుగులకు ఒక అడుగు. ఆ వాలు లెక్క కాగితం మీద కట్టి తీసివేసి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

బెర్లిన్ మెయిల్
వాలు వాలే. నురెంబర్గ్ మ్యూజియంలో 05 001 ముందు నిలబడి చూస్తే తెలుస్తుంది ఏది ఇంజనీరింగో, ఏది ప్రచారమో.

పొగగొట్టం
అంటే మీరు రికార్డు కొట్టిన బండిని చూడలేదు, దాని తోబుట్టువును చూశారు. 002ను జర్మన్లే కోసేశారు. ఇంగ్లండు వాళ్లు కనీసం తమదాన్ని దాచుకున్నారు.

బిట్రగుంట ఫిట్టర్
ఇద్దరూ ఆగండి. నేను బిట్రగుంట షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి ఫిట్టర్‌గా దిగిన మనిషిని. మన ఆవిరి ఇంజిన్లు డబ్ల్యూపీ నుంచి డబ్ల్యూజీ దాకా నా చేతుల మీదుగా వెళ్లాయి. మల్లార్డ్ కుంటడానికి కారణం వాలూ కాదు, వేగమూ కాదు, మధ్య సిలిండర్ కనెక్టింగ్ రాడ్ పెద్ద బేరింగ్. ఏ4కు మూడు సిలిండర్లు, ఆవిరిని లోపలికీ బయటికీ వదిలే కవాటాలు నడిపే యంత్రాంగం మాత్రం బయటి రెండింటికే ఉంది. ఆ రెండింటి కదలికలను మీటలతో కలిపి మూడోదాన్ని నడుపుతారు. ఉమ్మడి కాపురంలో ఇద్దరన్నదమ్ముల లెక్క చూసి మూడోవాడికి వాటా వేసినట్టు. పిన్నులు కొత్తవైతే లెక్క కుదురుతుంది. కాస్త అరిగాయా, రెండు వైపులా ఉన్న వదులంతా మధ్య కవాటం మీదే పడుతుంది. వేగం పెరిగే కొద్దీ అది కదలవలసిన దానికంటే ఎక్కువ కదులుతుంది, మధ్య పిస్టన్ తన వాటాకు మించి పని చేస్తుంది, బేరింగ్ కాగి లోపలి తెల్లలోహం కరుగుతుంది.

ఈ జబ్బు వాళ్లకు ముందే తెలుసు. 1936 ఆగస్టులో ‘సిల్వర్ ఫాక్స్’ అనే ఏ4 మామూలు ప్రయాణికులతోనే 113 మైళ్లు అందుకుని ఇలాగే బేరింగ్ పోగొట్టుకుంది. అందుకే మల్లార్డ్ బేరింగ్‌లో సోంపు వాసన మందు పెట్టారు. వేడెక్కితే డ్రైవర్ ముక్కుకు తెలియాలని. వాసన వచ్చింది, జో డడింగ్టన్ ఆవిరి తగ్గించాడు. అంత సంబరం చేసుకున్న ఇంజిన్‌ను మా షెడ్డుకు పంపితే మా ఫోర్‌మన్ గేటు దగ్గరే తిప్పి పంపేవాడు. మా డబ్ల్యూపీకి రెండే సిలిండర్లు, రెండూ బయటే. చెయ్యి చాపితే అందుతాయి. కిందికి దూరి, నూనెలో దొర్లి, మధ్య రాడ్ కోసం వెతుక్కునే బాధ లేదు.

లోకో లెక్కలు
ఫిట్టర్ గారికి నమస్కారం, కానీ కథ సగంలో ఆపారు. 1942లో ఈ మీటల వ్యవస్థను విమర్శిస్తూ ఇంజనీరు ఇ.ఎస్. కాక్స్ నివేదిక ఇచ్చింది యుద్ధ కాలంలో, మరమ్మతులకు మనుషులే లేనప్పుడు. యుద్ధం తరువాత స్విండన్ కర్మాగారం నుంచి ఏ4లు పుట్టిన డాంకాస్టర్‌కు వచ్చిన ఇంజనీరు కె.జె. కుక్, ఫ్రేములను దృశ్య పరికరాలతో సరిచూసే పద్ధతి తెచ్చి, ఆ బేరింగ్‌ను కొత్త తీరులో చేయించాక గొడవ చాలావరకు సద్దుమణిగింది. 1957–58లో అన్నిటికీ మల్లార్డ్‌లాగే జంట పొగగొట్టం పెట్టారు. 1959 మే 23న డ్రైవర్ బిల్ హూల్, రూపకర్త పేరే పెట్టుకున్న ఏ4 ‘సర్ నైజెల్ గ్రెస్లీ’ని అదే స్టోక్ గట్టు మీద 112 మైళ్లకు తీసుకెళ్లాడు, అదీ ప్రయాణికులతో. ఏ బేరింగూ పోలేదు. డిజైన్ తప్పు కాదు, నిర్వహణ తప్పు.

బిట్రగుంట ఫిట్టర్
నిర్వహణ సరిగ్గా ఉంటే ఏ బండైనా నడుస్తుంది. సరిగ్గా లేనప్పుడూ నడిచేదే మంచి డిజైన్. పుస్తకం చదివిన వాళ్లకు ఈ తేడా చెప్పినా తలకెక్కదు.

లోకో లెక్కలు
పుస్తకం చదవని వాళ్లకు మాత్రం అన్నీ ఎక్కేశాయి కాబోలు.

తెల్ల జెండా (నిర్వాహకుడు)
వ్యక్తిగత మాటలు వద్దు. అడిగిన ప్రశ్నకు రండి.

ధూళిపాళ్ల రైలు
మోడల్ కొనేవారికి ఒక హెచ్చరిక. 1938 నాటి నీలిరంగు మల్లార్డ్ అని చెప్పి ఒక అమ్మకందారు నాకు పంపిన బండికి చక్రాలను కప్పే పక్క రేకులు లేవు. ఆ రేకులు యుద్ధ సమయంలో, నూనె పోయడానికీ మరమ్మతుకూ అడ్డమని తీసేశారు. అంటే 1938 బండి కావాలంటే రేకులుండాలి. తిప్పి పంపుతానంటే ‘చూడడానికి రెండూ బాగానే ఉంటాయి’ అని జవాబు. ధర మాత్రం రేకులున్న దానికే వేశారు.

యార్క్ చలి
నేను యార్క్‌లో చదువుకుంటున్నాను. గోదావరి వంతెన గారూ, మల్లార్డ్ ఇక్కడి జాతీయ రైల్వే మ్యూజియం సొత్తు. లీడ్స్ నుంచి రైలులో అరగంటకు కాస్త అటూఇటూ. ప్రవేశం ఉచితం. ఒక్కసారి కళ్లతో చూస్తే ముక్కు కొస ఎంత పదునుగా ఉందో అర్థమవుతుంది. గ్రెస్లీకి బుగాటీ రైలు పెట్టెను చూశాక వచ్చిన ఆలోచన అది.

ఇంకో సంగతి ఇక్కడెవరూ ఎత్తలేదు. ఆ మ్యూజియంలో పెద్ద హాలు ఒకప్పటి యార్క్ నార్త్ లోకో షెడ్డు. 1942 ఏప్రిల్ 29న జర్మన్ విమానాలు నగరం మీద బాంబులు వేసినప్పుడు ‘సర్ రాల్ఫ్ వెడ్జ్‌వుడ్’ అనే 4469 ఆ షెడ్డులోనే ఉంది. బాగుచేయడానికి వీల్లేనంతగా దెబ్బతింది. ఆ రోజుతో 35 కాస్తా 34. పేరును తరువాత వేరే ఏ4కు తగిలించారు. జనం మల్లార్డ్ ముందు ఫొటోలు దిగి వెళ్లిపోతారు, నిలబడిన చోటు ఏమిటో తెలియదు.

రెడింగ్ రాజు
ప్రయాణం గురించి నేను చెబుతాను, మనసు మండిపోయి ఉన్నాను. ఏ4ల్లో ఇప్పుడు ప్రధాన మార్గం మీద తిరిగేది ‘సర్ నైజెల్ గ్రెస్లీ’. ఏళ్ల తరబడి మరమ్మతు చేసి 2022లో మళ్లీ తెచ్చారు. దాని వెనక వెళ్లాలని ఒక యాత్రా సంస్థ దగ్గర నెలల ముందే, ఖరీదైన తరగతిలో, భోజనంతో సహా టికెట్లు కొన్నాను. మా ఆవిడకు ఆ ఇంజిన్ కూత వినిపించాలని. ఆ రోజు స్టేషనుకు వచ్చింది డీజిల్. ఎండలకు గడ్డి ఎండిపోయి ఉంది, నిప్పురవ్వలు పడితే అంటుకుంటుందని ఆవిరికి అనుమతి ఇవ్వలేదట. డబ్బు వెనక్కి ఇస్తారా అంటే షరతులలో రాసే ఉందన్నారు. మా ఆవిడ హాయిగా భోంచేసింది, నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కాబట్టి మండు వేసవి ప్రయాణాలు కొనకండి, ఏప్రిల్, మే లేదా సెప్టెంబరు తరువాత చూసుకోండి. షరతులు చివరి దాకా చదవండి.

బెర్లిన్ మెయిల్
వేసవిలో నడవలేని ఇంజిన్‌కు ప్రపంచ రికార్డు.

పొగగొట్టం
మీది ఏ కాలంలోనూ నడవదు కదా.

స్వరాజ్యం
‘ఎంపైర్ ఆఫ్ ఇండియా’ తుక్కైందని ఏడవడమేమిటి? బానిసత్వానికి తగిలించిన పేరుపలక. క్యాబిన్ పక్కన చిహ్నంతో సహా పోయింది, పీడ విరగడైంది. ఇంగ్లండు వాళ్లు తమ కళ్ల ముందు తిరిగే దానికి 1947 తరువాత కూడా ఆ పేరే ఉంచారు, అది చూడండి ముందు. మనం అడిగి తెచ్చుకోవలసిన వస్తువా అది?

కృష్ణా కెనాల్
పేరు వేరు, ఇంజిన్ వేరు. ‘యూనియన్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా’ సంగతి తెలుసా? మొదట దానికి అనుకున్న పేరు ‘ఆస్ప్రే’. వర్ణవివక్ష రోజుల్లో నిరసనలు వస్తాయని 1980లలో కొంతకాలం ఆ పక్షి పేరుతోనే నడిపారు. పేరు నచ్చకపోతే పలక మార్చవచ్చు, కోసేసిన బాయిలర్‌ను తిరిగి తేలేరు.

అసలు ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. గొప్పతనాన్ని బట్టి ఎంచుకుని ఉంటే మొదటి ఏ4 అయిన ‘సిల్వర్ లింక్’ ఇవాళ ఉండాలి. 1935 సెప్టెంబరు 27న పత్రికల వాళ్లను కూర్చోబెట్టుకుని రెండుసార్లు 112.5 మైళ్లు అందుకున్న బండి. దాన్ని 1962 డిసెంబరులో తీసేసి, మరుసటి ఏడు పుట్టిన డాంకాస్టర్‌లోనే కోసేశారు. బతికిన ఆరింటికీ ఎవరో ఒకరు అండ ఉన్నారు. మల్లార్డ్‌కు రికార్డు. ఐజన్‌హవర్ పేరు పెట్టుకున్న దానికి అమెరికా మ్యూజియం. ‘డొమినియన్ ఆఫ్ కెనడా’కు క్యుబెక్ మ్యూజియం. దక్షిణాఫ్రికా పేరున్న దాన్ని కొన్నది ఆ దేశం కాదు, జాన్ కామెరాన్ అనే స్కాట్లండు ఆసామి. బిటర్న్‌నూ ఒక అభిమాని కొన్నారు, గ్రెస్లీ పేరున్న దాన్ని అభిమానుల సంఘం కొంది.

మరి 1964లో మనకేముంది? ఢిల్లీ రైల్వే మ్యూజియం తెరిచింది 1977లో. చిత్తరంజన్‌లో అప్పటికి కొత్త ఆవిరి ఇంజిన్లే తయారవుతున్నాయి. రోజూ బొగ్గు పొగ పీల్చే దేశం పాత బొగ్గు ఇంజిన్‌ను ఓడెక్కించి తెచ్చుకుంటుందా? పైగా వాళ్ల పట్టాల వెడల్పు 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు, మనది 5 అడుగుల 6. తెచ్చినా ఎండలో బొమ్మలా నిలబెట్టాల్సిందే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పేర్లున్నవి కూడా తుక్కే అయ్యాయి, మనకొక్కరికే జరగలేదు.

స్వరాజ్యం
పట్టాల వెడల్పు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. వాళ్లు ఏ4ను గాలి సొరంగాల్లో పెట్టి పరీక్షించి మెరుగుపెట్టుకుంటున్న రోజుల్లో మనకు పంపిన ఎక్స్‌బీ రకం ఆవిరి ఇంజిన్లు ఎలాంటివి? అటూ ఇటూ ఊగి పట్టాలనే వంచేసేవి. 1937 జులైలో బిహార్‌లోని బిహ్‌టా దగ్గర ఎక్స్‌బీ లాగుతున్న రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోతే తప్ప, బ్రిటిష్ ఇంజిన్ల రూపకర్త స్టానియర్ లాంటి వాళ్లున్న సంఘం వచ్చి చూడలేదు. దాని మీద ఒక చర్చ పెట్టండి.

బిట్రగుంట ఫిట్టర్
ఇది మాత్రం నిజం. మా పాత డ్రైవర్లు ఎక్స్‌బీ పేరు చెబితేనే మొహం చిట్లించేవారు. తప్పు బోగీ స్ప్రింగులలో ఉంది. చెబుతాను వినండి…

తెల్ల జెండా (నిర్వాహకుడు)
ఎక్స్‌బీకి వేరే చర్చ తెరిచాను. ఫిట్టర్ గారూ, అక్కడ రాయండి.

గోదావరి వంతెన
యార్క్ చలి గారికి, రాజు గారికి, కృష్ణా కెనాల్ గారికి ధన్యవాదాలు. మే నెలకు మార్చుకునే ప్రయత్నం చేస్తాను. బిటర్న్ ఎక్కడ, ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు.

లోకో లెక్కలు
బిటర్న్ ఇప్పుడు నడవడం లేదు. దానికి ఎన్ని వేషాలు వేశారో చూడండి. 1988లో రంగు మార్చి ‘సిల్వర్ లింక్’ అన్నారు, ఆ తరువాత మరోసారి ‘డొమినియన్ ఆఫ్ న్యూజిలాండ్’ అన్నారు. కోసేసిన బండ్ల పాత్రలన్నీ అదే ఆడింది. 2013లో ప్రత్యేక అనుమతితో 90 మైళ్ల వేగంతో నడిపారు, ఆ రైలులో సీటు దొరికిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఫిట్టర్ గారి కోసం చెబుతున్నాను, బేరింగ్ చల్లగానే ఉంది.

మిల్వాకీ మావయ్య
ఐజన్‌హవర్ పేరున్న 60008ను అందరూ ఒక్క ముక్కలో తేల్చేశారు. మా ఇంటికి రెండు గంటల దూరంలో, గ్రీన్ బే మ్యూజియంలో ఉంది, బ్రిటిష్ రైల్వే ఆకుపచ్చ రంగులో. దాని వెనక ఐజన్‌హవర్ యుద్ధ కాలంలో వాడిన రైలు పెట్టెలు రెండు కూడా ఉన్నాయి. 2012లో దీన్నీ కెనడాలో ఉన్నదాన్నీ ఓడ మీద ఇంగ్లండు తీసుకెళ్లి, మల్లార్డ్ రికార్డుకు 75 ఏళ్లని 2013లో యార్క్‌లో ఆరింటినీ ఒక్కచోట నిలబెట్టారు. 2014లో మళ్లీ ఎవరి దేశానికి వాళ్లకు అప్పగించారు. అక్కడే ఉంచేసుకుంటారేమోనని ఇక్కడి వాళ్లకు గుబులుండేది. అమెరికా వైపు వచ్చే తెలుగువాళ్లు షికాగో చూసి తిరిగిపోతారు, ఇంకాస్త ఉత్తరానికి రండి. నేను తీసుకెళ్తాను.

బిట్రగుంట ఫిట్టర్
మావయ్య గారూ, ఈసారి వెళ్లినప్పుడు ముందు చక్రాల దగ్గర వంగి, మధ్య కవాటం మీటలూ పిన్నులూ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఎంత అరిగాయో చూసి చెబుతాను.