గేరుబాక్సులో పళ్లు, షాఫ్టు అరగడానికి కారణాలేమిటి?

ప్రశ్న:
లక్ష కిలోమీటర్లు దాటిన నా మాన్యువల్ కారులో, న్యూట్రల్‌లో ఉన్నప్పుడు గుర్రుమనే శబ్దం వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగిపోతోంది. ఆయిలు మార్పించినప్పుడు డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు ముద్దతోపాటు గోటి కొనంత ఉక్కు పెచ్చు కనిపించింది. గేరు పళ్లు అరిగినట్టేనా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
ముందుగా అనుమానించవలసింది ఇన్‌పుట్ షాఫ్టు (క్లచ్ ద్వారా ఇంజను తిప్పే ఇరుసు, క్లచ్ తొక్కితే ఆగిపోతుంది) బేరింగును. మెత్తని ముద్ద సహజమైన అరుగుదలే గాని, పెచ్చు సహజం కాదు. గేరు పంటికి గట్టిపరచిన పైపొర సాధారణంగా ఒక మిల్లీమీటరుకు మించదు. బేరింగు వదులై షాఫ్టు కాస్త పక్కకు జరిగితే పళ్లు పూర్తి వెడల్పున కాక ఒక అంచునే ఆనుకుని, భారమంతా అక్కడే పడి, ఆ పొర గుంతలు పడి పెచ్చులూడుతుంది. ఆ పెచ్చులు ఆయిలులో తిరుగుతూ మిగతా బేరింగులనూ పాడుచేస్తాయి. అందుకే గేరు మాత్రమే మార్చి పాత బేరింగులను ఉంచేయడం వృథా ఖర్చని నా అభిప్రాయం.

రెండవ సమాధానం:
ఆయిలు మట్టం కూడా చూపించండి. చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టు సీలు కారి ఆయిలు తగ్గినా బేరింగులు ఇలాగే పోతాయి. జీఎల్-4 రకం గేరు ఆయిలు పోయవలసిన చోట జీఎల్-5 రకం పోస్తే, దానిలోని గంధకపు రసాయనాలు గేరు మార్చేటప్పుడు వేగాలను సమం చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేయవచ్చు. గేరు లివరుపై చేయి ఆనించి నడపకండి, దానివల్ల లోపల గేరు మార్చే ఫోర్కు అరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఎడమవైపు సీలు చుట్టూ ఆయిలు తడి నిజంగానే ఉంది. రేపే గేరుబాక్సు దింపిస్తాను.