‘ఇంజను లాగట్లేదు’ సరే, దేన్ని?

మొన్న మన గుంపులో ఒకరు అడిగారు: “పేపర్లో ఏ యంత్రం ఆగినా ‘మొరాయించింది’ అని రాస్తారు. ‘లాగట్లేదు’ అన్నా అదేనా?” రెండూ ఒకటేనని చాలామంది జవాబిచ్చారు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఈ రెండు మాటలూ ఒకటే అనుకున్నందుకు మా మావయ్య పండగ ముందు నాలుగు రోజులు పడవ రేవులో కట్టేసుకు కూర్చున్నాడు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మాది గోదావరి వశిష్ఠ పాయలో, సముద్రానికి దగ్గర్లో ఉన్న లంక. కొబ్బరికాయలు, అరటిగెలలు, పశువుల మేత, ఏదైనా అవతలి రేవుకి పడవ మీద వెళ్లాల్సిందే. మావయ్య పడవది సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజను. ఆయిలు తాగేస్తోందని వరదలు తీశాక దింపించి షెడ్డుకిచ్చాడు. బోరు చేయించి, పిస్టనూ రింగులూ కొత్తవి వేయించి, వాల్వులు గ్రైండింగ్ కొట్టించి, నాజిల్ సరిచేయించి సంక్రాంతి ముందు తెచ్చి బిగించారు. రేవులో ఒట్టిగా ఆడిస్తే చప్పుడు వినసొంపుగా ఉంది. కాయల లోడుతో నడి ఏట్లోకి వెళ్లి పోటుకి ఎదురు తిరిగేసరికి మొదలైంది అసలు గొడవ. ఎంత రేస్ ఇచ్చినా నల్లటి పొగ వస్తోంది, చప్పుడు బొంగురుపోతోంది, పడవ మాత్రం ఉన్నచోటే ఉంటోంది.

మావయ్య మెకానిక్‌కి ఫోన్ చేసి అన్న మాట ఇది: “ఇంజను మొరాయిస్తోంది బాబూ.”

అటునుంచి వెంటనే జవాబు: “పైపులో గాలి పట్టుంటదండి. నాజిల్ దగ్గర నట్టు వదులు చేసి గాలి తీసేయండి. ఫిల్టరు కూడా మార్చెయ్యండి.” గాలి తీశారు, ఫిల్టరు మార్చారు, ట్యాంకు కడిగారు. రెండు రోజులు పోయాయి, పొగ పోలేదు. ఇందులో మెకానిక్ తప్పేమీ లేదు. మొరాయించింది అంటే స్టార్టవడం మానేసిందనో, మధ్యలో ఆగిపోతోందనో ఎవరైనా అనుకుంటారు. విన్న మాటకి ఆయన చెప్పిన వైద్యం సరిపోయిందే.

మొరాయించడంలో కదలనన్న పంతం ఉంది. మొరాయించిన ఎద్దు అడుగే వెయ్యదు. లాగలేని ఎద్దు సంగతి వేరు. మెడ వంచుతుంది, కాళ్లు తన్నిపెడుతుంది, నురగ కక్కుతుంది, బండి కదలదు. మావయ్య ఇంజను రెండో ఎద్దు. ఆ నల్ల పొగే దాని నురగ.

మూడోరోజు సాయంత్రం రేవులో ఒక ముసలి సరంగు (పర్షియన్ ‘సర్‌హంగ్’ నుంచి ఓడల మీదుగా మన రేవుల్లోకి దిగిన మాట) కాసేపు చూసి అన్నాడు: “మొరాయించడమేంట్రా? పాపం తిరుగుతానే ఉంది కదా. లాగట్లేదు, అంతే. దేన్ని లాగట్లేదో చూసుకున్నారా?”

ఆ ‘దేన్ని’ దగ్గరే నేను ఆగిపోయాను. లాగు సకర్మక క్రియ. ఎద్దు బండిని లాగుతుంది, మనిషి తాడుని లాగుతాడు. ‘ఇంజను లాగట్లేదు’ అన్నప్పుడు మాత్రం ఆ ‘దేన్ని’ని మనం మింగేస్తాం. కర్మ పోయాక వాక్యంలో ఇంజను ఒక్కటే మిగులుతుంది, నేరమంతా దాని నెత్తినే పడుతుంది. అందులోనూ కొత్తగా విప్పి బిగించిన ఇంజనైతే ఇక అనుమానం పక్కకి పోదు.

మర్నాడు ఆటు తీశాక పడవని ఇసుకమేట మీద ఒరగదీసి చూశారు. ఇంజను షెడ్డులో ఉన్న మూడు నెలలూ పడవ ఉప్పు కలిసిన నీళ్లలో కదలకుండా పడుంది. అడుగంతా గుల్లలు, నాచు. ఫ్యాను (నీళ్లలో తిరుగుతూ పడవని నడిపేది) రెక్కలకి కూడా గుల్లలు కరుచుకుని ఉన్నాయి. పూటంతా గీకారు. తర్వాతి పోటుకి అదే ఇంజను అదే లోడుని లాక్కుపోయింది.

దీని వెనకున్న లెక్క మెకానిక్ తర్వాత విడమరిచి చెప్పాడు. బరువు పడి చక్రం నెమ్మదించగానే గవర్నరు (ఇంజను వేగం పడిపోకుండా చూసే భాగం) ఇంకాస్త డీజిల్ వదులుతుంది. గాలి మాత్రం పెరగదు. కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.5 కిలోల గాలి కావాలి. అంత అందకపోతే మిగిలింది మసై నల్లగా బయటికొస్తుంది. కాబట్టి నల్ల పొగ వస్తోందంటే డీజిల్ అందుతోందనే, అందాల్సినదానికన్నా ఎక్కువే అందుతోందని. బలం లేదు, పొగా లేదు అంటే అప్పుడు ఫిల్టరు, పైపు, ట్యాంకు మూతకి గాలి కోసం పెట్టిన చిల్లు మూసుకుపోయాయేమో చూడాలి. ఒట్టిగా బాగా తిరిగిందని మురిసిపోవడానికీ లేదు. లోడు లేనప్పుడు ఇంజనుకి కావలసిన డీజిల్ చాలా కొంచెం, సగం మూసుకుపోయిన ఫిల్టరైనా అంతమాత్రం ఇస్తుంది. ఇక ఫ్యాను సంగతికొస్తే, వేగం పదో వంతు పెంచాలంటే బలం దాదాపు మూడో వంతు ఎక్కువ కావాలి. అడుగున గుల్లలు పట్టిన పడవ దగ్గర ఆ మిగులు ఎక్కణ్ణుంచి వస్తుంది?

నల్ల పొగ వస్తే ప్రతిసారీ గుల్లలే అని అనుకోకండి. ఎయిర్ ఫిల్టరు మూసుకున్నా, సైలెన్సర్లో మసి పేరుకున్నా, బిగించేటప్పుడు టైమింగ్ తేడా వచ్చినా, టాపెట్లు సరిగ్గా కుదరకపోయినా పొగ నల్లగానే వస్తుంది. వాటిని వెతికేముందు ఒకసారి నీళ్ల కిందకి చూడమనే నేను చెప్పేది.

*

అమలాపురం వైపు సభ్యులొకరు అడిగారు: “మా షెడ్లలో ‘పికప్ లేదు’ అంటారు, ‘పుల్లింగ్ లేదు’ అంటారు. ఇవీ వేర్వేరేనా మాస్టారూ?”

వేర్వేరేనండి. పికప్ అంటే వేగం అందుకోవడం, ఎంతసేపట్లో అందుకుందన్నది అక్కడ లెక్క. పుల్లింగ్ అంటే బరువు పడ్డాక ఆ వేగం నిలవడం. లారీ చదును రోడ్డు మీద తొందరగా అందుకుని ఘాట్ ఎక్కలేకపోతే, దానికి పికప్ ఉంది, పుల్లింగ్ లేదు. మెకానిక్కులు ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నా ఈ తేడాని భద్రంగా కాపాడుకున్నారు. రెండిటికీ కలిపి ‘మొరాయించింది’ అని రాసే మనమే దాన్ని పోగొట్టుకుంటున్నాం.

*

ఇంకొకరి అభ్యంతరం: “ఫ్యాను వెనకుండి నీళ్లని తోస్తుంది కదండీ. ‘తొయ్యట్లేదు’ అనాలి, ‘లాగట్లేదు’ ఎందుకు? లాకులు అనే మాట కూడా ఈ లాగుడులోంచే వచ్చిందా?”

ఫ్యాను తోసేమాట నిజమే. కానీ మాట ఇంజనుకన్నా పాతది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని నీళ్లు పారే డెల్టా కాలువల్లో గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని నడుస్తూ పడవని లాగేవారు. పొలంలో ఎద్దులు, కాలువ గట్టున మనుషులు, ఇద్దరి పనికీ ఉన్న క్రియ ఒక్కటే. వాళ్ల చోట్లోకి ఇంజను వచ్చినప్పుడు ఆ పనితోపాటు క్రియ కూడా దానికే దక్కింది. తాడు ఎటు కట్టి ఉందో భాష పట్టించుకోలేదు. లాకుకి మాత్రం లాగుతో చుట్టరికం లేదు, అది ఇంగ్లీషు ‘లాక్’.

సంసారాన్ని ‘ఎలాగో లాక్కొస్తున్నాం’ అంటామే, అక్కడ కర్మని మనం మింగం. లాగుతున్నది ఏమిటో చెప్తాం. ఇంజను విషయంలో ఆ శ్రద్ధ ఎందుకు లేదో నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

*

యానాం నుంచి ఒక అమ్మాయి రాసింది: “మా నాన్న ‘ఇంజను లాగనంటోంది’ అంటారండి. అది మాట్లాడుతుందా?”

ఎంత మంచి వాడుక పట్టావమ్మా. తాళం రానంటోంది, పొయ్యి మండనంటోంది, నిద్ర పట్టనంటోంది. ప్రాణం లేనిదాని చేత కూడా మన భాష ‘నేను చెయ్యను’ అనిపిస్తుంది. వరసగా పెట్టి చూడు. ‘లాగదు’ అంటే దాని గుణమే అంత. ‘లాగట్లేదు’ అంటే నిన్నటిదాకా లాగింది, ఇప్పుడే ఏదో అయింది. ‘లాగలేకపోతోంది’ అంటే ప్రయత్నిస్తోంది, చాలట్లేదు. ‘లాగనంటోంది’లో పంతం కనిపిస్తుంది, మొరాయించడానికి దగ్గరగా ఉండేది ఇదే. మీ నాన్నగారి ఇంజను నల్ల పొగ కక్కుతూ ‘లాగనంటోంది’ అంటే నేనైతే ‘లాగలేకపోతోంది’ అని దిద్దుతాను. చెయ్యననడమూ చెయ్యలేకపోవడమూ మనుషుల విషయంలోనూ ఒకటి కాదు కదా.

*

“మరి ఫోన్లో మెకానిక్‌కి ఏమని చెప్పమంటారు?” అని అడిగినవారికి: మావయ్య ఇప్పుడు చెప్పే తీరు రాస్తాను. “బాబూ, స్టార్టింగ్ బాగుంది. ఒట్టిగా పూర్తి స్పీడు అందుకుంటోంది. నలభై బస్తాల కాయలు వేసి పోటుకి ఎదురు తిప్పితే లాగలేకపోతోంది, పొగ నల్లగా వస్తోంది. అడుగు గీకించి పదిరోజులైంది, ఫ్యాను చేత్తో తిప్పితే తేలిగ్గానే తిరుగుతోంది.” ఇది విన్నాక అటువైపునుంచి వచ్చే మొదటి ప్రశ్న గాలి పట్టడం గురించి ఉండదు, ఎయిర్ ఫిల్టరు గురించి ఉంటుంది.