జీతం వస్తే పెన్షన్ పోతుందా? ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు

పల్లె కుర్రోడు:
అందరికీ నమస్కారం. పొద్దున్న తొమ్మిదింటికి సచివాలయానికి వెళ్తే రెండయింది. ఒకాయన పోతుందన్నాడు, ఇంకొకావిడ పోదంది, మూడో ఆయన భోజనానికి వెళ్లి మళ్లీ రాలేదు. ఇంటికొచ్చి మూడు గంటలుగా ఫోన్‌లో వెతుకుతున్నాను, ఒక్కో వీడియోలో ఒక్కోలా చెబుతున్నారు. మా అప్పకి నెలనెలా నాలుగు వేలు పెన్షన్ వస్తోంది. ఇప్పుడు రణస్థలం దగ్గర ఒక కంపెనీలో ప్యాకింగ్ పని దొరికింది, పదకొండున్నర వేలు. చేరితే పెన్షన్ తీసేస్తారా, లేదా? అవును, కాదు అని చెప్పండి చాలు. సోమవారం లోపు కంపెనీ వాళ్లకి మాట చెప్పాలి. టెన్షన్‌గా ఉంది.

తోటపల్లి కాలువ:
ఏ పెన్షన్? వితంతువా, ఒంటరి మహిళా?

సీమ మిత్రుడు:
ఆ వయసులో నాన్నగారిని ప్యాకింగ్ పనికి పంపడం ఏమిటండీ? ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి ఆ పనికి మీరే వెళ్లొచ్చు కదా.

పల్లె కుర్రోడు:
అయ్యో, అప్ప అంటే అక్క అండీ. మా వైపు అలాగే పిలుస్తాం. ముప్పై రెండేళ్లు.

సీమ మిత్రుడు:
క్షమించండి. మా అనంతపురంలో అప్ప అంటే నాన్న. ఇంతసేపూ మిమ్మల్ని తిట్టుకుంటున్నాను.

రిటైర్డ్ మాస్టారు:
ముందు మాట సరిచేసుకుందాం. పెన్షన్ అంటే ఇన్నేళ్లు సర్వీసు చేసినవాడికి వచ్చేది. ప్రభుత్వం ఇంటికి తెచ్చి ఇచ్చేది భృతి. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలవడం వల్లే అది హక్కు అనే భావన జనంలో నాటుకుపోయింది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇదే భృతి నెలకు 75 రూపాయలు. దాని కోసం ఎవరూ పని మానుకోలేదు. ఇప్పుడు 4,000 అయ్యేసరికి పని దొరికినా చేరాలా వద్దా అని లెక్కలు వేసుకుంటున్నారు. మనిషికి పని గౌరవం. అమ్మాయిని చేరిపొమ్మనండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

యానిమేటరమ్మ:
మాస్టారూ, మీకు నెలకెంతొస్తుందో నేను అడగను గానీ, ఆ పిల్ల లెక్క వేసుకోవడం తప్పా? డ్వాక్రా సంఘాల్లో ఇరవై ఏళ్లు తిరిగాను. పని వద్దని కూర్చున్న ఆడదాన్ని నేను చూడలేదు. ఆరు నెలలు పనిచేయించుకుని మానిపించేస్తే, పోయిన పెన్షన్ మళ్లీ పెట్టించుకోవడానికి ఎన్నిసార్లు తిరగాలో చూశాను.

బాబూ, రూల్ ఇది. కుటుంబం మొత్తం ఆదాయం పల్లెలో అయితే నెలకు 10,000, పట్టణంలో అయితే 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, కరెంటు 300 యూనిట్లు, కారు, ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి, ఇన్‌కమ్ ట్యాక్స్, ఇవన్నీ కూడా చూస్తారు. ఆటో, ట్రాక్టర్ ఉన్నా పరవాలేదు. ఇక్కడ అందరూ పొరబడేది 'కుటుంబం' దగ్గర. మీ అప్ప ఒక్కదాని జీతం చూడరు, రేషన్ కార్డులో ఉన్నవాళ్లందరిదీ చూస్తారు. కార్డులో ఎవరెవరు ఉన్నారు?

పల్లె కుర్రోడు:
అది ముఖ్యమని తెలీదు మేడం. అమ్మ, నాన్న, నేను, అప్ప, అప్ప ఇద్దరు పిల్లలు. ఒకటే కార్డు. మాది గరివిడి దగ్గర పల్లె. నేను షాపులో చేస్తాను, తొమ్మిది వేలు. నాన్నకి ఎకరంన్నర మెట్ట.

తోటపల్లి కాలువ:
అయితే అవును.

పల్లె కుర్రోడు:
అవును అంటే?

తోటపల్లి కాలువ:
పోతుంది.

యానిమేటరమ్మ:
అంత తేలిగ్గా కొట్టేయకండి. కానీ బాబూ, నీ తొమ్మిది వేలతోనే మీ ఇల్లు గీత మీద ఉంది. అప్ప చేరితే ఎలా చూసినా దాటుతుంది. పెన్షన్ ఒక్కటే కాదు, పిల్లలు బడికి వెళ్తుంటే తల్లికి వందనం కూడా ఉంటుంది కదా, ఒక్కో పిల్లకి 13,000 తల్లి ఖాతాలో పడేది. దానికీ ఇదే ఆదాయం లెక్క. ఏడాదికి పెన్షన్ 48,000, ఇద్దరు పిల్లలకి 26,000. మొత్తం 74,000. ఆ కంపెనీ జీతం ఏడాదికి 1,38,000. అంటే పన్నెండు నెలలు పొద్దున్నే లేచి బస్సెక్కితే నికరంగా మిగిలేది 64,000. అదీ ఆ పని ఏడాదంతా ఉంటే.

పీఎఫ్ గుమాస్తా:
అదీ చేతికి రాదు. పదకొండున్నర అనేది కోతకు ముందా, తర్వాతా? ముందైతే, మొత్తం జీతం మీద పీఎఫ్ 12 శాతం అంటే 1,380, ఈఎస్ఐ అంటే కార్మికుల బీమా 0.75 శాతం, పైకి సరిచేస్తే 87. చేతికి 10,033.

రిటైర్డ్ మాస్టారు:
చూశారా, జీతం వేరు, ఆదాయం వేరు. చేతికొచ్చేదే ఆదాయం. పీఎఫ్ పొదుపు, దాన్ని ఎలా కలుపుతారు?

పీఎఫ్ గుమాస్తా:
పొదుపైతే మాత్రం? ఆమె సంపాదించిందే కదా అది. కోతకు ముందుదే జీతం.

రిటైర్డ్ మాస్టారు:
భాషాపరంగా అది సరికాదు. 'ఆయం' అంటే వచ్చేది. చేతికి రానిది ఆయం ఎలా అవుతుంది?

సీమ మిత్రుడు:
పదివేల ముప్పై మూడైనా గీత దాటింది కదండీ. ఇంకెందుకు వాదన?

యానిమేటరమ్మ:
ఇంకో దారి. ఇంటి దగ్గరే కుట్టు పెట్టుకుంటే? పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకంలో టైలర్లు కూడా ఉన్నారు. శిక్షణలో రోజుకు 500, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి లక్ష వరకు లోను.

పల్లె కుర్రోడు:
అప్పకి కుట్టు రాదు మేడం. గుండీ కూడా అమ్మే కుడుతుంది.

పీఎఫ్ గుమాస్తా:
బాబూ, ఇంకోటి అడుగుతాను, ఏమీ అనుకోకు. బావగారు ఏం చేసేవారు? ఎలా పోయారు?

పల్లె కుర్రోడు:
జూట్ మిల్లులో, కాంట్రాక్టర్ కింద. ఆరేళ్లు. 2023లో నైట్ డ్యూటీ దిగి బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. ఎందుకండీ?

పీఎఫ్ గుమాస్తా:
జీతంలో పీఎఫ్ కోసేవారా?

పల్లె కుర్రోడు:
కోసేవారు అనుకుంటా. స్లిప్పులో ఏదో ఉండేది.

పీఎఫ్ గుమాస్తా:
ఏటి బావూ, ఇది ముందే చెప్పాలి కదా! ఉద్యోగంలో ఉండగా పోతే మూడు రావాలి. ఒకటి, ఆయన పీఎఫ్ డబ్బు, ఫారం 20. రెండు, భార్యకి నెలనెలా ఈపీఎస్ పెన్షన్, అంటే పీఎఫ్ ఆఫీసు ఇచ్చే పెన్షన్, తక్కువలో తక్కువ 1,000. పిల్లలు ఇద్దరికీ 25 ఏళ్లు వచ్చేదాకా వేరుగా. దీనికి ఫారం 10డీ. ఒక్క నెల చందా కట్టినా చాలు, పదేళ్ల సర్వీసు అక్కర్లేదు. ఆ పదేళ్ల షరతు బతికుండి పెన్షన్ తీసుకునేవాళ్లకి. మూడు, ఈడీఎల్ఐ అని పీఎఫ్‌తో పాటే ఉండే జీవిత బీమా, ఫారం 5ఐఎఫ్. ఏడాది పాటు ఆగకుండా పనిచేసి ఉంటే కనీసం రెండున్నర లక్షలు, గరిష్ఠం ఏడు లక్షలు. దీనికి కార్మికుడి జీతంలో పైసా కోయరు, అందుకే చాలామందికి ఉందనే తెలీదు. మూడింటికీ కలిపి ఒకే ఫారం కూడా ఉంది. ఈఎస్ఐ కూడా కోసి ఉంటే అది మరో కథ. డ్యూటీకి వెళ్తూ వస్తూ జరిగిన ప్రమాదాన్ని 2010 నుంచి ఆ చట్టం కిందకి తెచ్చారు, పనికీ ప్రమాదానికీ సంబంధం చూపించాలి. డ్యూటీ దిగిన టైము, ఎఫ్ఐఆర్ టైము దగ్గర పెట్టుకోండి.

పల్లె కుర్రోడు:
ఎవరూ చెప్పలేదండీ. కాంట్రాక్టర్ దహనానికి పది వేలు ఇచ్చి వెళ్లాడు. అదే అంతా అనుకున్నాం.

యానిమేటరమ్మ:
ఎన్ని ఇళ్లలో ఇలాగే!

రిటైర్డ్ మాస్టారు:
నేను మొదట చెప్పిందే. ఇదీ అసలు పెన్షన్. అతని కష్టార్జితం. ఆ నాలుగు వేలు భృతి.

సీమ మిత్రుడు:
అది వస్తే ఈ నాలుగు వేలు పోతాయా మరి? ఎవరికైనా తెలుసా?

యానిమేటరమ్మ:
మాస్టారూ, ఆ పిల్లకి రెండూ డబ్బులే.

పీఎఫ్ గుమాస్తా:
ముందు స్లిప్పు వెతుకు. యూఏఎన్ అని పన్నెండంకెల నంబరు ఉంటుంది. మరణ ధ్రువపత్రం, పిల్లల పుట్టిన తేదీలు, అప్ప బ్యాంకు పుస్తకం సిద్ధం చేసుకో. ఫారం మీద యజమాని, అంటే కాంట్రాక్టర్, సంతకం కావాలి. కాంట్రాక్టర్ తప్పించుకుంటే మిల్లునే అడుగు, కాంట్రాక్టు కూలీల పీఎఫ్‌కి అసలు యజమానికీ బాధ్యత ఉంది. రాతపూర్వకంగా అడుగు, నోటితో కాదు.

రిటైర్డ్ మాస్టారు:
'రాతపూర్వకంగా' కాదు, 'లిఖితపూర్వకంగా'.

పల్లె కుర్రోడు:
ట్రంకుపెట్టెలో స్లిప్పులు దొరికాయి. నంబరు ఉంది. సోమవారం మిల్లుకి వెళ్తాం. కంపెనీ వాళ్లని ఇంకో వారం టైం అడిగాం, సరే అన్నారు. చేరాలా వద్దా అప్ప ఇంకా తేల్చుకోలేదు, నన్నే తిడుతోంది ఇదంతా గ్రూపులో పెట్టానని. థ్యాంక్స్ అండీ అందరికీ.

యానిమేటరమ్మ:
మిల్లు దగ్గర ఏమన్నారో రాయి బాబూ.

తోటపల్లి కాలువ:
వితంతువో ఒంటరో ఇంకా చెప్పలేదు.